నిర్జీవానికి ముఖం: రచనలో మానవీకరణ

పాఠం - 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 మానవీకరణ అంటే ఏమిటి?
7.3 దగ్గరి అలంకారాలు
7.4 తెలుగు వ్యాకరణం, మానవీకరణ
7.5 మానవీకరణ రీతులు
7.6 వస్తువు గుర్తు చెరగకూడదు
7.7 మానవీకరణ దాచిపెట్టేది
7.8 సారాంశం
7.9 కీలక పదాలు
7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
7.11 సమాధాన సూచనలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మానవీకరణను నిర్వచించగలుగుతారు. ఉత్ప్రేక్ష, రూపకం, సమాసోక్తులతో దానికున్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• తెలుగు క్రియారూపాలు మానవీకరణకు ఎలా తోడ్పడతాయో గుర్తించగలుగుతారు.
• అరిగిపోయిన మానవీకరణను సజీవమైన దాని నుంచి వేరు చేయగలుగుతారు.
• మీ రచనలో మానవీకరణ ఎక్కడ వాడాలో, ఎక్కడ మానుకోవాలో నిర్ణయించుకోగలుగుతారు.

7.1 పరిచయం

గత పాఠంలో ఉపమను, రూపకాన్ని గురించి తెలుసుకున్నారు. ఈ పాఠంలో మానవీకరణను పరిశీలిద్దాం. ప్రాణం లేని వస్తువుకో, మనిషి కాని ప్రాణికో, కంటికి కనిపించని భావానికో మనిషి లక్షణాలను ఆపాదించి రాయడమే మానవీకరణ.

దీనికి ప్రాచీన గ్రీకు అలంకారికులు పెట్టిన పేరు ప్రోసోపోపియా. ఆ భాషలో ప్రోసోపోన్ అంటే ముఖం, పోయియేన్ అంటే చేయడం. అంటే ఈ అలంకారం పని, ముఖం లేనిదానికి ముఖం కల్పించడం. ఈ మాటకు అచ్చమైన ఉదాహరణ మనకు శ్రీకాకుళం జిల్లాలోనే దొరుకుతుంది. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరి పేరే శ్రీముఖలింగం.

శ్రీముఖలింగం తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి మూడు ప్రధాన ఆలయాలు మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు. మధుకం అంటే ఇప్ప చెట్టు. ఇప్ప చెట్టు మొదలే లింగంగా వెలిసిందని స్థలపురాణం చెబుతుంది. ఆ కథలో ఒక సవర నాయకుడూ, అతని ఇద్దరు భార్యలూ, ఇంటి ముందున్న ఇప్ప చెట్టూ ఉంటారు. ఆ లింగంలో శివుని ముఖం దర్శనమిస్తుందని భక్తుల విశ్వాసం.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. శిల్పశాస్త్రంలో ముఖలింగం అంటే ముఖం ఉన్న లింగం. పూర్తి మానవాకారంలో ఉండే విగ్రహం వేరు, ముఖలింగం వేరు. ముఖలింగంలో ముఖం చేరుతుంది, అయినా లింగం లింగంగానే ఉంటుంది. రచనలో మంచి మానవీకరణ కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. నదికి మనిషి ముఖం వస్తుంది, నది మాత్రం నదిగానే మిగులుతుంది. ఈ పాఠమంతా ఈ ఒక్క సూత్రానికి వివరణ.

ఒక గమనిక. భక్తుడు వంశధారను తల్లి అన్నప్పుడు అది అతని విశ్వాసం. శివరాత్రి తరువాత శ్రీముఖలింగంలో చక్రతీర్థ స్నానాలకు వచ్చేవారికి ఆ నది నిజంగానే దేవత. రచయిత అదే నదిని తల్లి అన్నప్పుడు అది ఒక వర్ణనా పద్ధతి. ఈ పాఠం పరిధి రెండోది మాత్రమే.

7.2 మానవీకరణ అంటే ఏమిటి?

ఈ కింది మూడు వాక్యాలు చూడండి.
1. వంశధారలో నీరు తగ్గింది.
2. వంశధార బుసలు కొట్టింది.
3. వంశధార అలిగి ఒడ్డుకు దూరంగా జరిగింది.

మొదటి వాక్యం ఉన్న విషయాన్ని చెబుతోంది. రెండో వాక్యంలో నదికి ప్రాణం వచ్చింది, కానీ బుసలు కొట్టడం పాము లక్షణం. దీన్ని చైతన్యారోపం అనవచ్చు. మూడో వాక్యంలో అలగడం మనిషి లక్షణం కాబట్టి అది మానవీకరణ. మానవీకరణలన్నీ చైతన్యారోపాలే. చైతన్యారోపాలన్నీ మానవీకరణలు కావు.

ఈ తేడా మన రైతుల మాటల్లో చక్కగా కనిపిస్తుంది. వెన్ను ఇంకా ఆకుతొడిమలో ఉండగా మొక్క ఉబ్బితే వరి 'పొట్ట దశ'లో ఉంది అంటారు. వెన్ను బయటికి వస్తే 'ఈనింది' అంటారు. గింజలో తెల్లని ద్రవం చేరితే 'పాలు పోసుకుంటోంది' అంటారు. ఈనడం పశువులకు వాడే మాట. పొట్టతో ఉండటం, పాలు పడటం తల్లికి సంబంధించినవి. ఒక పంటకాలాన్ని మొత్తం గర్భం, పురుడు, పాలు అనే వరుసలో రైతు చూశాడు. అందంకోసం కల్పించిన వరుస కాదిది. ఏ దశలో నీరు పెట్టాలో, ఏ దశలో గాలివాన వస్తే ఎంత నష్టమో గుర్తుంచుకోవడానికి పనికొచ్చే వరుస. పొట్టమీదున్న చేనుకు నీరు ఆపకూడదని వేరే చెప్పనక్కర లేదు. ఆ మాటలోనే హెచ్చరిక ఉంది.

రోజువారీ భాషలో ఇలాంటివి ఎన్నో ఉన్నాయి: కుండ మూతి, సీసా మెడ, కుర్చీ కాళ్ళు, కొబ్బరికాయ పిలక, గోడలకు చెవులు. 'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అనే సామెతలో ఆకలీ నిద్రా తెలియడం, తెలియకపోవడం అనే మానవ లక్షణంతో వచ్చాయి. వీటిలో కొన్నింటిని మనం ఇప్పుడు అలంకారంగా గుర్తించము. కుర్చీ కాళ్ళు అన్నప్పుడు ఎవరికీ మనిషి కాళ్ళు గుర్తుకురావు. ఇలా వాడి వాడి అరిగిపోయినవాటిని జడమైన మానవీకరణలు అంటాము. అవి భాషకు అవసరమే, కానీ వాటివల్ల రచనకు కొత్త బలం రాదు.

అయితే జనం మాటలన్నీ అరిగిపోయినవి కావు. పుస్తకాల్లో కన్నా పొలంలో, సంతలో, రేవులో ఇంకా తాజాగా ఉన్నవి దొరుకుతాయి. వాడుక భాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. శ్రీముఖలింగం ఆలయ శాసనాలను పట్టుదలతో చదివారు, ఆ ఊరే కళింగనగరమని వాదించారు. సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. రాతి మీది మాటనూ నోటి మీది మాటనూ అంత శ్రద్ధగా విన్న ఆయన దారి, మానవీకరణ నేర్చుకునేవారికి మంచి దారి. కొత్త పోలిక కోసం ఊహలో వెతికే ముందు, మీ ఊళ్ళో ఆ వస్తువును గురించి ఏమంటారో వినండి.

7.3 దగ్గరి అలంకారాలు

భారతీయ అలంకారశాస్త్రంలో మానవీకరణ అనే పేరుతో ప్రత్యేక అలంకారం లేదు. దాని పనిని అనేక అలంకారాలు పంచుకున్నాయి. ఒకే భావాన్ని నాలుగు విధాలుగా చెప్పి చూద్దాం.

ఉపమ: వంశధార అలసిన మనిషిలాగా పడుకుంది.
ఉత్ప్రేక్ష: ఇసుక తిన్నెల మధ్య వంశధార అలసి పడుకుందా అన్నట్టుంది.
రూపకం: వంశధార అనే తల్లి ఇసుక పక్క మీద ఉంది.
శుద్ధ మానవీకరణ: వంశధార అలసి పడుకుంది.

ఉపమలో 'లాగా', ఉత్ప్రేక్షలో 'అన్నట్టు' వంటి మాటలు పోలికను బయటపెడతాయి. రూపకంలో నదికీ తల్లికీ అభేదం చెప్పారు. చివరి వాక్యంలో మనిషి పేరే లేదు. కేవలం క్రియ వల్ల మనిషి స్ఫురిస్తాడు.

ఈ చివరి పద్ధతికి బాగా దగ్గరగా వచ్చేది సమాసోక్తి. వర్ణిస్తున్న విషయానికీ, వర్ణించని మరో విషయానికీ సమానంగా సరిపోయే విశేషణాలు వాడి, రెండోదాన్ని స్ఫురింపజేయడం సమాసోక్తి. 'చీకటి కొంగు జారుతుంటే తూర్పు ముఖం ఎర్రబారింది' అన్న వాక్యం చూడండి. ఎర్రబారడం ఆకాశానికి సహజం, సిగ్గుపడిన స్త్రీకీ సహజం. అందువల్ల వాక్యం రెండు వైపులా నిలబడింది. ఒక మానవ లక్షణం ఆ వస్తువులో నిజంగా కనిపించే మార్పుతో కలిసినప్పుడే అలంకారం నిలుస్తుందని మన అలంకారికులు ఇలా ముందే చెప్పారు.

7.4 తెలుగు వ్యాకరణం, మానవీకరణ

ప్రతి భాషలోనూ మానవీకరణ ఒకేలా పనిచేయదు. తెలుగులో దానికి కొన్ని ప్రత్యేక సౌకర్యాలున్నాయి.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో నామవాచకాలు మహత్తులు, అమహత్తులు అని రెండు రకాలు. పురుషులను తెలిపేవి మహత్తులు, తక్కినవి అమహత్తులు. స్త్రీలను తెలిపే మహతీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోను, బహువచనంలో మహత్తులతోను కలుస్తాయి. ఈ సూత్రం రచయితకు ఎలా ఉపయోగపడుతుందో చూడండి.

అమ్మ వచ్చింది. వంశధార వచ్చింది.

రెండు వాక్యాల్లోనూ క్రియ ఒకటే. అందువల్ల తెలుగులో ఏకవచనంలో నదిని స్త్రీగా చూపడానికి వ్యాకరణాన్ని కదపనక్కర లేదు. చదువరికి తెలియకుండానే నది 'ఆమె' అవుతుంది. బహువచనంలో మాత్రం పరిస్థితి వేరు.

నాగావళి, వంశధార సముద్రానికి వచ్చాయి.
నాగావళి, వంశధార సముద్రానికి వచ్చారు.

రెండో వాక్యంలో 'వచ్చారు' అనడంతోనే ఇద్దరు మనుషులు కళ్ళముందు నిలబడతారు. ఒక్క ప్రత్యయం చేసిన పని ఇది. కాబట్టి ఏకవచనంలో నెమ్మదిగా సాగే మానవీకరణ, బహువచనంలో బాహాటమవుతుంది. అక్కడ మీరు కావాలని చేస్తున్నారా, పొరపాటున చేస్తున్నారా అని సరిచూసుకోవాలి.

పుంలింగంలో మరో తేడా ఉంది. 'సూర్యుడు వచ్చాడు' అన్నప్పుడు డుప్రత్యయం వల్లనే సూర్యుడు మనిషి అయ్యాడు. 'పొద్దు పొడిచింది' అన్నప్పుడు ఆ స్ఫురణ లేదు. ఎండను గురించి ఉన్నదున్నట్టు రాయాలంటే 'పొద్దు', సూర్యునితో పాత్రలాగా మాట్లాడించాలంటే 'సూర్యుడు' అనువుగా ఉంటాయి.

బంధువాచకాలు తెలుగు మానవీకరణకు మరో పెద్ద బలం. చంద్రుడు మనకు చందమామ, నేల నేలతల్లి, గోదావరి గోదారమ్మ. ప్రతి బంధుత్వం తన ప్రవర్తనను వెంట తెస్తుంది. మేనమామ ఆడిస్తాడు, అడిగింది తెస్తాడు, అలిగితే బుజ్జగిస్తాడు. పిల్లలు ఆకాశంలోని చంద్రుణ్ణి పిలవడానికి ఆ బంధుత్వమే సరిపోయింది. తల్లి అన్నామంటే ఓర్పు, క్షమ వచ్చి చేరతాయి. కోస్తాలో కొబ్బరి చెట్టును ఇంటి పెద్దకొడుకుగా చెప్పుకోవడం ఉంది. ఒకసారి కాపుకొచ్చాక దశాబ్దాల పాటు ఇంటిని నడిపేది, వయసు మళ్ళాక ఆదుకునేది కాబట్టి ఆ పేరు తగింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అక్కడి రైతు 'కొడుకు పోయాడు' అంటే అది అతిశయోక్తి కాదు. మళ్ళీ నాటిన మొక్క కాపుకు రావడానికి పట్టే ఏళ్ళు, అప్పటికి తనకు వచ్చే వయసు అతను లెక్కవేసి అన్న మాట అది. బంధువాచకం వాడే ముందు ఆ బంధుత్వంలోని ఇచ్చిపుచ్చుకోవడం ఆ వస్తువుకు ఉందా అని అడగండి.

మీ ప్రగతిని తెలుసుకోండి - 1

గమనిక: సమాధానాలను మీ నోటుపుస్తకంలో రాసి, పాఠం చివర ఉన్న సూచనలతో సరిచూసుకోండి.
1. చైతన్యారోపానికీ మానవీకరణకూ భేదం ఏమిటి?
2. 'నదులు వచ్చాయి', 'నదులు వచ్చారు' అనే వాక్యాల్లో ఏది మానవీకరణ? ఎందుకు?
3. 'గాలి తలుపు తట్టిందా అన్నట్టుంది' అనే వాక్యంలోని అలంకారాన్ని గుర్తించండి.

7.5 మానవీకరణ రీతులు

రచనలో మానవీకరణ ముఖ్యంగా అయిదు రీతుల్లో కనిపిస్తుంది.

క్రియ ద్వారా: 'కిటికీ రాత్రంతా గొణుగుతూనే ఉంది.' ఇది అన్నింటికన్నా సులువైనది, అన్నింటికన్నా ఎక్కువగా వాడేది. వచనానికి బాగా నప్పుతుంది.

విశేషణం ద్వారా: 'మొండి తాళం', 'సిగ్గరి మొగ్గ'. పొదుపైన రీతి. ఒకే పేరాలో రెండుమూడు వస్తే కృతకంగా ఉంటుంది.

సంబోధన ద్వారా: వస్తువును ఎదురుగా నిలబెట్టి మాట్లాడటం. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని దూతగా పంపుతాడు. పొగ, వెలుగు, నీరు, గాలి కలిస్తే అయిన మేఘం సందేశం ఎలా మోస్తుందన్న సందేహాన్ని కాళిదాసే కావ్యం మొదట్లో లేవనెత్తాడు. విరహంలో ఉన్నవాడికి చేతనాచేతనాల తేడా తెలియదని సమాధానమూ చెప్పాడు. ఇందులో మనకు గొప్ప పాఠం ఉంది. మానవీకరణ ఎవరి కళ్ళతో చూస్తే నిజమో ఆ మనిషిని ముందు చూపించాలి. అప్పుడు చదువరి ప్రశ్నించడు.

స్వగతం ద్వారా: వస్తువే 'నేను' అంటూ మాట్లాడటం. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపంలో పూలే మాట్లాడతాయి. పూజకోసం పూలు కోయడం మంచిపనిగా మనం ఎరిగినదే. అదే పనిని పూల వైపు నుంచి చూపేసరికి అర్థం తలకిందులైంది. బడిలో రాయించే 'చెట్టు ఆత్మకథ' కూడా ఈ రీతిదే. అందులో చెట్టు మనిషికి తెలిసిన సంగతులే తిరిగి చెబితే ప్రయోజనం లేదు. చెట్టు వైపు నుంచి మాత్రమే కనిపించేది ఒకటైనా చెప్పాలి.

అమూర్త భావాలకు రూపం ద్వారా: వివేకం, మోహం వంటి భావాలు పాత్రలుగా రావడం. కృష్ణమిశ్రుడు సంస్కృతంలో రాసిన ప్రబోధచంద్రోదయం నాటకం ఇలాంటిదే. నంది మల్లయ, ఘంట సింగన అనే జంటకవులు దాన్ని తెలుగులో కావ్యంగా మలిచారు. మన 'తెలుగుతల్లి' కూడా ఈ రీతిలో పుట్టిన రూపమే. భాష, నేల, జనం అనే మూడింటికి కలిపి ఒక ముఖం వచ్చింది.

7.6 వస్తువు గుర్తు చెరగకూడదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కింది పేరా చదవండి.

'వంశధార నదీమతల్లి చిరునవ్వులు చిందిస్తూ, గలగలా కబుర్లు చెబుతూ, వయ్యారంగా నడుస్తూ, ఆనందంతో నాట్యమాడుతూ సముద్రుని కౌగిట్లోకి చేరుకుంటుంది.'

ఇందులో వ్యాకరణ దోషం లేదు. మానవీకరణలు అయిదు ఉన్నాయి. అయినా నది కనిపించదు. ఎందుకో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. దీన్ని పేరు మార్చే పరీక్ష అందాం. వంశధార ఉన్నచోట నాగావళి అని పెట్టండి. తరువాత గోదావరి అని పెట్టండి. వాక్యంలో ఏమీ చెడదు. ఏ నదికైనా సరిపోయే వాక్యం ఏ నదినీ చూపించదు.

ఇప్పుడు ఇంకొక పేరా చూడండి.

'ఎండలు ముదిరాక వంశధార చిక్కిపోతుంది. అంత ఇసుక పక్కలో ఓ వారకు ఒత్తిగిలి పడుకుంటుంది. చలమ తవ్వి అడిగినవాళ్ళకు మాత్రం లేదనదు. కాకపోతే బిందె నిండేదాకా కూర్చోబెడుతుంది.'

ఇందులో మానవీకరణలు నాలుగే. చిక్కిపోవడం వెనక ప్రవాహం సన్నబడటం ఉంది. ఒత్తిగిలడం వెనక పాయ ఒక ఒడ్డుకు జరగడం ఉంది. లేదనకపోవడం వెనక ఇసుక కింద నీరుండటం, కూర్చోబెట్టడం వెనక చలమలో నీరు నెమ్మదిగా ఊరడం ఉన్నాయి. ప్రతి మానవ క్రియ కింద నది చేసే నిజమైన పని ఒకటి ఉంది. మానవీకరణను తీసేసినా సమాచారం మిగులుతుంది. ఉంచితే ఆ సమాచారంతో పాటు ఒక స్వభావం కూడా తెలుస్తుంది. ఇవ్వనని అనదు, తొందరపడితే ఇవ్వదు.

మన శిల్పులు ఇదే నియమాన్ని పాటించారు. ప్రాచీన ఆలయాల ద్వారబంధాల అడుగున గంగా యమునలను స్త్రీ రూపంలో చెక్కడం మన దేశంలో విస్తారంగా ఉన్న సంప్రదాయం. స్త్రీ మూర్తిని చెక్కి వదిలేస్తే ఆమె ఎవరో తెలియదు. అందుకని గంగ కాళ్ళకింద మకరాన్ని, యమున కాళ్ళకింద తాబేలును చెక్కారు. నీటి ప్రాణి ఆ మూర్తి అడుగున ఉండటం వల్లనే ఆమె నది అయింది. మీ వాక్యంలో కూడా అలాంటి మకరమో తాబేలో ఉండాలి. అంటే ఆ వస్తువుకు మాత్రమే చెందిన ఒక నిజమైన గుర్తు ఉండాలి.

రాసేటప్పుడు ఈ మెట్లు పాటించండి:
1. వస్తువును చూసి, అది చేసే పనులు అయిదింటిని అలంకారం లేకుండా రాసుకోండి.
2. వాటిలో ఆ వస్తువుకే ప్రత్యేకమైన రెండింటిని ఎంచుకోండి.
3. ఆ పనులు చేసే మనిషి ఎలాంటివాడో ఊహించండి. పీనాసా, ఓర్పుగలవాడా, మాట మీద నిలబడనివాడా?
4. మానవ లక్షణాన్ని సాధ్యమైనంత వరకు క్రియలో పెట్టండి. విశేషణాలు తగ్గించండి.
5. మొదలుపెట్టిన స్వభావాన్ని పేరా చివరిదాకా నిలపండి. తల్లిగా మొదలైన నది మధ్యలో నర్తకి, చివర ప్రియురాలు కాకూడదు.
6. పేరు మార్చే పరీక్ష చేయండి.

7.7 మానవీకరణ దాచిపెట్టేది

ఇంతవరకు మానవీకరణ అందాన్ని గురించి మాట్లాడుకున్నాం. దానివల్ల జరిగే హాని కూడా ఉంది. మీలో చాలామంది వార్తలు, నివేదికలు, అర్జీలు రాస్తారు, రాయబోతారు. వారికి ఈ భాగం ముఖ్యం.

వంశధార ఒడిశాలో పుట్టి, శ్రీకాకుళం జిల్లా మీదుగా ప్రవహించి, కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఎగువన కొండల్లో పడిన వాన కొన్ని గంటల తరువాత దిగువ ఊళ్ళకు వరదగా వస్తుంది. 2018లో తిత్లీ సమయంలో ఒడిశా వైపు పరీవాహక ప్రాంతంలో కురిసిన వానలకు వంశధార, మహేంద్రతనయ పొంగాయి. ఇలాంటి వరద గురించి ఒక విద్యార్థి ఇలా రాశాడనుకుందాం.

'నిన్న రాత్రి వంశధార పగబట్టింది. నిద్రలో ఉన్న ఊరి మీద కసితీరా విరుచుకుపడింది.'

వాక్యాల్లో వేగం ఉంది. కానీ పగబట్టినవారు ఎవరో తేలిపోయింది కాబట్టి చదువరి ఇంకేమీ అడగడు. అడగవలసినవి చాలా ఉన్నాయి. ఎగువన ఎక్కడ, ఎంత వాన పడింది? గొట్టా బ్యారేజీ గేట్లు ఎన్ని గంటలకు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు? ఊరికి హెచ్చరిక ఎప్పుడు అందింది? గట్టు ఎక్కడ తెగింది? అది బలహీనంగా ఉందని అంతకుముందు ఎవరైనా చెప్పారా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవారు మనుషులు. నదికి పగ అంటగట్టగానే వారందరూ వాక్యంలోంచి తప్పుకున్నారు.

ఇదే పని చిన్న స్థాయిలో రోజూ జరుగుతుంది. 'ఫైలు నిద్రపోతోంది' అంటాము. ఫైలుకు నిద్ర ఉండదు. సంతకం పెట్టనివారు ఒకరున్నారు. 'కరువు ఊరిని ఖాళీ చేసింది' అంటాము. ఊళ్ళో పని దొరకలేదు, చెరువు పూడిక తీయలేదు, అప్పు ఇచ్చినవాడు ఆగలేదు. కరువు అనే ఒక్క కర్త వీటన్నింటినీ మింగేసింది. అందువల్ల వార్తలో, నివేదికలో, అర్జీలో మానవీకరణ వాడే ముందు కర్త పరీక్ష చేయండి. మానవీకరణను తీసేసి, ఆ పని నిజంగా చేసినవారెవరో, చేయనివారెవరో వెతకండి. అలాంటి మనిషి ఉంటే ముందు అతణ్ణి వాక్యంలోకి తీసుకురండి.

ఇందుకు పూర్తిగా ఎదురైన ఉదాహరణ న్యాయశాస్త్రంలో ఉంది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను న్యాయపరంగా వ్యక్తులుగా ప్రకటించింది. మన చట్టం ఆలయ దైవాన్ని ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగా ఎప్పటినుంచో అంగీకరిస్తోంది. ఆ వరుసలోనిదే ఈ తీర్పు. అయితే కోర్టు నదిని వ్యక్తి అని ఊరుకోలేదు. ఆ నదుల తరఫున బాధ్యత వహించవలసిన అధికారులను కూడా నిర్దేశించింది. వరదలో నష్టపోయినవారు దావా వేస్తే ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్నను ఉత్తరాఖండ్ ప్రభుత్వం లేవనెత్తింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. తీర్పు నిలిచిందా లేదా అన్నది మన పాఠానికి ముఖ్యం కాదు. న్యాయస్థానం ముందు నదికి ముఖం వచ్చేసరికి బాధ్యులెవరన్న ప్రశ్న పుట్టింది. 'పగబట్టిన వంశధార'లో నదికి ముఖం వచ్చేసరికి అదే ప్రశ్న మాయమైంది. అలంకారం ఒకటే, దాని ప్రయోజనం వేరు.

అలాగని వరద గురించి రాసేటప్పుడు మానవీకరణ అసలు వద్దని కాదు. ఇల్లు పోగొట్టుకున్న ముసలమ్మ 'ఏరు నా ఇల్లు పట్టుకుపోయింది బాబూ' అంటుంది. అది ఆమె మాట, ఆమె అనుభవం. దాన్ని దిద్దకుండా ఆమె మాటగానే రాయాలి. మేఘసందేశంలో యక్షుడి విషయంలో చూసినట్లే, ఎవరి కళ్ళతో చూస్తున్నామో స్పష్టంగా ఉంటే మానవీకరణ నిజాన్ని చెబుతుంది. ఆమె మాటను మీ మాటగా మార్చి, మీరు వెతకవలసిన జవాబుల స్థానంలో పెట్టినప్పుడే అది నిజాన్ని దాస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2

1. పేరు మార్చే పరీక్ష అంటే ఏమిటి?
2. 'మా ఊరి రోడ్డు ముగ్గురి ప్రాణాలు బలితీసుకుంది' అనే వార్తావాక్యానికి కర్త పరీక్ష చేయండి.
3. బాధితుల మాటల్లోని మానవీకరణను విలేకరి ఎలా వాడుకోవాలి?

7.8 సారాంశం

మనిషి కానిదానికి మనిషి లక్షణాలను ఆపాదించడం మానవీకరణ. మన అలంకారశాస్త్రంలో సమాసోక్తి దీనికి చాలా దగ్గరిది. తెలుగులో స్త్రీవాచకాలకూ అమహత్తులకూ ఏకవచనంలో క్రియారూపం ఒకటే కావడం, బంధువాచకాలు విరివిగా ఉండటం మానవీకరణకు అనుకూలాలు. క్రియ, విశేషణం, సంబోధన, స్వగతం, అమూర్త భావాలకు రూపం అనేవి దాని రీతులు. ప్రతి మానవ లక్షణం కింద వస్తువు నిజంగా చేసే పని ఒకటి ఉండాలి. ముఖలింగంలో ముఖం వచ్చినా లింగం పోనట్లే, మానవీకరణలో మనిషి వచ్చినా వస్తువు పోకూడదు. సమాచార రచనలో మానవీకరణ బాధ్యులను దాచే ప్రమాదం ఉంది కాబట్టి కర్త పరీక్ష తప్పనిసరి.

7.9 కీలక పదాలు

చైతన్యారోపం: ప్రాణం లేనిదానికి ప్రాణి లక్షణాలు ఆపాదించడం.
జడ మానవీకరణ: వాడుకలో అరిగిపోయి, అలంకారంగా స్ఫురించని మానవీకరణ.
సమాసోక్తి: సమాన విశేషణాల వల్ల, వర్ణించని మరో విషయం స్ఫురించే అలంకారం.
అమూర్తం: రూపం లేనిది.
న్యాయవ్యక్తి: మనిషి కాకపోయినా హక్కులు, బాధ్యతలు కలదిగా చట్టం గుర్తించినది.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. 30 వాక్యాలలో సమాధానం రాయండి.
1. మానవీకరణ రీతులను సోదాహరణంగా వివరించండి.
2. 'మానవీకరణలో వస్తువు గుర్తు చెరగకూడదు' అనే సూత్రాన్ని సమర్థించండి.

II. 10 వాక్యాలలో సమాధానం రాయండి.
1. వరిపంట దశలను తెలిపే రైతుల మాటల్లోని చైతన్యారోపాన్ని విశ్లేషించండి.
2. బంధువాచకాల ఎంపికలో పాటించవలసిన జాగ్రత్తలు ఏమిటి?

III. అభ్యాసం
మీ ఊరి చెరువును, బస్టాండును, లేదా మీ ఇంట్లోని ఒక పాత వస్తువును ఎంచుకోండి. 7.6లోని ఆరు మెట్లను పాటిస్తూ పది వాక్యాల పేరా రాయండి. తరువాత అదే విషయాన్ని గ్రామ పంచాయతీకి అర్జీగా, మానవీకరణ లేకుండా రాయండి. మొదటి రచనలో ఉండి రెండోదానిలో లేనివి, రెండోదానిలో ఉండి మొదటిదానిలో లేనివి పక్కపక్కన రాసి చూసుకోండి.

7.11 సమాధాన సూచనలు

మీ ప్రగతిని తెలుసుకోండి - 1
1. ఏ ప్రాణి లక్షణమైనా ఆపాదిస్తే చైతన్యారోపం. మనిషికే చెందిన లక్షణాన్ని ఆపాదిస్తే మానవీకరణ.
2. రెండోది. బహువచనంలో 'వచ్చారు' మనుషులకే వాడే క్రియారూపం.
3. ఉత్ప్రేక్ష. 'అన్నట్టుంది' అనే మాట ఊహను తెలుపుతోంది.

మీ ప్రగతిని తెలుసుకోండి - 2
1. వర్ణించిన వస్తువు పేరు తీసి, అదే జాతికి చెందిన మరో పేరు పెట్టి చూడటం. వాక్యం చెడకపోతే వర్ణనలో ప్రత్యేకత లేదని అర్థం.
2. రోడ్డు ప్రాణాలు తీయదు. గుంత ఎప్పటినుంచి ఉంది, దాన్ని పూడ్చవలసినవారెవరు, హెచ్చరిక బోర్డు ఉందా, వాహనం ఎంత వేగంతో వచ్చింది అనే ప్రశ్నలకు జవాబులు రాయాలి.
3. వారి మాటగానే, మార్చకుండా ఉదహరించాలి. దాని పక్కనే తాను సేకరించిన వాస్తవాలను విడిగా రాయాలి.